చెక్‌లిస్టూ డజను అరటిపళ్ళూ

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా అక్క అంటుంది. ఏడేళ్ళ కిందటి సంగతిని అలా చెప్పకూడదట, కనీసం ఒక్క పన్నయినా ఊడి ఉండాలట. (జ్ఞానదంతం ఒకటి పీకించుకున్నానని చెప్పాను. అది లెక్కలోకి రాదంది.) కానీ ఇరవై రెండేళ్ళప్పటి నన్ను తలుచుకుంటే వాడు నాకు దూరపు చుట్టంలాగే కనిపిస్తాడు. జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చంకలో అట్ట. అట్టకు బిగించిన కాగితం. ఆ కాగితం పైన పెద్ద అక్షరాలతో ఒకే మాట: చెక్‌లిస్ట్. ఆ ఒక్క మాట మీద నాకున్నంత నమ్మకం ఆ రోజుల్లో దేవుడి మీద కూడా ఉండేది కాదు.

ఆ మాటను నాకు పరిచయం చేసింది బాపట్లలో డిప్లొమా చదివేటప్పటి వర్క్‌షాపు మాస్టారు. ఆయన బోర్డు మీద రెండు ముక్కలుగా రాసి చూపించారు. లిస్టు అంటే ఉండవలసినవాటిని రాసుకోవడం. చెక్ అంటే అవి ఉన్నాయో లేదో కళ్ళతో చూడటం. లిస్టు రాసినవాడు గుమాస్తా, రెండూ చేసినవాడు ఇంజినీరు అన్నారు. నేను ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసుకుని మూడేళ్ళు దాన్నే పట్టుకుని బతికాను. తెనాలిలో మా ఇంటికి సెలవులకు వెళ్ళినప్పుడు మాత్రం ఈ మాట ఒక్కొక్కరి నోట్లో ఒక్కోలా ఉండేది. వంటల కాంట్రాక్టు చేసే మా బాబాయికి అది పెళ్ళి సామాన్ల చీటీ. వస్తువు బండి ఎక్కగానే ఆయన టిక్కు పెట్టడు, ఆ పేరు మీద అడ్డంగా కొట్టేస్తాడు. కాబట్టి అంతా సరిగ్గా ఉన్న రోజున ఆయన చీటీలో చదవడానికి ఏమీ ఉండదు. మా మేనత్తకు అది సంబంధాలు చూసేటప్పుడు పనికొచ్చే ఆయుధం. “మా చెక్‌లిస్టులో మీవాడు రెండు తక్కువ వచ్చాడండి” అని ఫోన్లోనే తేల్చేసేది. ఆ రెండూ ఏమిటో అవతలివాళ్ళు అడిగినా చెప్పేది కాదు. మా నాయనమ్మకు ఆ మాటే తెలియదు. కానీ ఎవరు గడప దాటుతున్నా వీధి తలుపు దగ్గర నిలబడి “కళ్ళజోడు, తాళాలు, మందులు” అని వరసగా పిలిచేది. దీనికి సరైన తెలుగు మాట కనిపెట్టాలని నేను ఒక వేసవంతా ప్రయత్నించి ‘సరిచూపు పట్టిక’ దగ్గర ఆగాను. మా స్నేహితులు మాటను వదిలేసి నాకే ‘పట్టిక’ అని పేరు పెట్టారు. సెలవుల్లో మేమంతా కలిసి ఎక్కే రేపల్లె ప్యాసింజరు వేమూరులో ఆగినప్పుడల్లా ఎవడో ఒకడు కిటికీలోంచి “ఒరేయ్ పట్టికా, రైలుకి చక్రాలున్నాయో లేదో చూశావా?” అని అరిచేవాడు. నిజం చెప్పాలంటే ఒకసారి వంగి చూశాను కూడా.

ఉద్యోగం రేపల్లెలో దొరికింది. చేపల బోట్లకు దారి చూపే జీపీఎస్సులు, నీటి అడుగున చేపల జాడ చెప్పే యంత్రాలు, వైర్‌లెస్సులు బిగించే చిన్న కంపెనీ. మొత్తం ఆరుగురం. మా మేనేజరు గారిని అందరం చాటుగా ఫార్మాట్ సార్ అనేవాళ్ళం. ఆయనకు ఏ విషయమైనా గడుల్లో ఉంటేనే అర్థమయ్యేది. బోటు సముద్రంలోకి వెళ్ళేముందు అన్నీ సరిచూసుకునే ఒక చెక్‌లిస్ట్ తయారుచేయమని ఆయన అన్నప్పుడు నా ఆనందం చెప్పనలవి కాదు. రెండు వారాలు కూర్చుని నలభై ఒక్క అంశాలు రాశాను. కష్టం ఆ తరువాత మొదలైంది. నిజాంపట్నం హార్బరులో మొదటి బోటువాళ్ళు నా కాగితం తీసుకుని, పైనుంచి కిందకి ఒకటే పొడుగాటి గీత గీసి, అడుగున సంతకం పెట్టి ఇచ్చేశారు. రెండో బోటువాళ్ళు టిక్కులు విడివిడిగానే పెట్టారు గానీ, బోటు తిరిగొచ్చాక పెట్టారు. ఫార్మాట్ సార్ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. “నీ మూడు నెలల ట్రయల్ వచ్చే సోమవారంతో అయిపోతుంది. ఒక్క బోటు, ఒకే ఒక్క బోటు, ఉన్నది ఉన్నట్టు నింపిన కాగితం తీసుకురా. లేకపోతే మంగళవారం నుంచి రానక్కర్లేదు” అన్నారు. ఆయన కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

మూడో బోటు ఓనరుది చెరుకుపల్లి. తరాలుగా వరి పండించే కుటుంబం, బోటు వ్యాపారంలోకి కొత్తగా వచ్చారు. ఆయన ఫోన్లో “కాగితమేగా, నింపుకో. పోటు తగ్గేలోపల మాత్రం బోటు కదలాలి. లోపల ఐసుంది” అన్నారు. పోటు అంటే సముద్రపు నీళ్ళు కాలవలోకి ఎక్కే సమయం. ఆ నీళ్ళు తగ్గితే బోటు అడుగు బురదకు తగిలి, మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు. బోటు నడిపే సరంగుకు యాభై దాటి ఉంటాయి. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన నా కాగితం చివరిదాకా చదివాడు. అలా చదివిన మొదటి మనిషి ఆయనే. ఐదో తరగతి దాకా చదివాడట, పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుని చదివాడు. “బాగానే రాశావు బాబూ, చూద్దాం పట్టు” అన్నాడు. ఆ మాటకే నా ఉద్యోగం సగం నిలబడినట్టు అనిపించింది.

బోటు బయలుదేరే రోజు, పొద్దున పది గంటల వేళ. బోటు ముందు భాగానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, సరంగు భార్య హారతి ఇస్తోంది. ఆమెను నేను పిన్నీ అనేవాణ్ణి. ఒక పక్క డప్పు, ఒక పక్క ఇంజిను వేడెక్కుతున్న చప్పుడు. నేను అట్ట పట్టుకుని రెండో అంశం నుంచి మొదలుపెట్టాను. (ఒకటో అంశం ‘బోటులో ఉన్న మనుషుల సంఖ్య’. పూజలో అందరూ అటూ ఇటూ తిరుగుతున్నారు కాబట్టి దాన్ని చివరికి వాయిదా వేశాను. ఇది నా జీవితంలో వరస తప్పిన మొదటి సందర్భం.) లంగరు, ఉంది. తాళ్ళు, ఉన్నాయి. తాగే నీళ్ళ డబ్బాలు, మూతలతో సహా ఉన్నాయి. లైఫ్ జాకెట్లు ఎక్కడని అడిగితే ఒకతను తలగడల్లా వాడుతున్నవాటిని గలీబులు విప్పి మరీ చూపించాడు. పద్నాలుగో అంశం దగ్గరకు వచ్చేసరికి నా మొహం బిగుసుకుంది. ‘ఐసు గది మూత వేసి ఉన్నదా?’ వేసి లేదు. బోటు మధ్యలో చేపలు దాచే గది, దాని మూత పక్కన పడి ఉంది. “ఇది మూయాలండి, బోటు కదిలేముందు మూసి ఉండాలి” అన్నాను, గొంతు కాస్త పెంచి. ఇద్దరు వచ్చి మూత వేసి, దాని మీద వల కుప్పగా పోశారు. నేను నీలం పెన్నుతో టిక్కు పెట్టాను. అంత అందమైన టిక్కు నేను మళ్ళీ పెట్టలేదు.

నలభై అంశాలూ అయిపోయాయి. ఇక మిగిలింది ఒకటో అంశం. బోటు మీద నిలబడి, పెన్ను ఒక్కొక్కరి వైపు చూపిస్తూ, “ఒకటి, రెండు, మూడు” అని పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు అనే లోపల డప్పు ఆగిపోయింది.

“ఏంటి బాబూ అది?” అంది పిన్ని.

“మనుషుల్ని లెక్కపెడుతున్నానండి.”

“వేటకి పోయేవాళ్ళని లెక్కపెడతారా ఎవరైనా? గంప కింద కోళ్ళనుకున్నావా?”

నేను లెక్కపెట్టిన ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు బోటు దిగి జెట్టీ మీదకు వెళ్ళిపోయారు. నాలుగోవాడు, నేను అతని దాకా రాలేదు పాపం, అయినా ముందుజాగ్రత్తగా దిగాడు. మా ఇంట్లో కూడా భోజనాల పంక్తిలో తలలు లెక్కపెట్టకూడదనేవాళ్ళు. దిష్టి తగులుతుందని. అది నాకు తెలుసు. కానీ ఆ తెలిసినది ఇంట్లో, ఈ కాగితం ఆఫీసులో. రెండింటినీ కలిపి చూడాలని నాకు తట్టలేదు. సరంగు బాబాయి కేబిన్లోంచి తల బయటకు పెట్టి, “తొమ్మిది మందిమి. రాసుకోవయ్యా, అయిపోద్ది” అన్నాడు.

“చూసి రాయాలి బాబాయ్.”

“నే చెప్తే నమ్మవా?”

“నేను నమ్ముతానండి. ఫార్మాట్ నమ్మదు.”

ఈ మాట అన్నందుకు ఇప్పటికీ నిద్రలో సిగ్గుపడుతుంటాను. జెట్టీ మీద దిగినవాళ్ళలో ఒకతను “ఆ ఫార్మాట్ గారినే వేటకి తీసుకుపోండి” అన్నాడు. అందరూ నవ్వారు, పిన్ని తప్ప. ఆమె కాలవ వైపు చూసింది. నీళ్ళు అప్పుడే ఒడ్డున పాతిన కొలత కర్ర మీద ఒక గీత దిగాయి. ఇంకో అరగంట గడిస్తే ఆ పూటకు బోటు కదలదు. ఓనరు గారి ఐసు కరుగుతుంది, నా సోమవారం వచ్చేస్తుంది.

“ఇటు రా బాబూ” అని పిలిచి, పిన్ని తన బుట్టలోంచి అరటి హస్తం ఒకటి తీసింది. “మేం మనుషుల్ని లెక్కపెట్టం. కంచాలు లెక్కపెడతాం. ఇవాళ కంచాలు లేవు, పళ్ళున్నాయి. ఎన్నో లెక్కపెట్టుకో.”

“పన్నెండండి.”

“తలా ఒకటి ఇస్తా. మిగిలినవి లెక్కపెట్టుకో. తీసేసుకుంటే నీకు కావలసింది వస్తది. పళ్ళని లెక్కపెడితే పళ్ళకే దిష్టి.”

డిప్లొమాలో మూడు సెమిస్టర్లు లెక్కలు చదివిన నాకు తీసివేత అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కారు. పిన్ని ఒక్కొక్కరి చేతిలో పండు పెట్టుకుంటూ వెళ్ళింది. ఒకతను “నాకు షుగరు వదినా, సగం చాలు” అన్నాడు. ఏడున్నర అని రాయవలసి వస్తుందేమోనని నాకు చెమట పట్టింది. “సగం తిను, సగం చేత్తో పట్టుకో” అని పిన్ని తేల్చింది. నేనూ అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. “నువ్వు బోటు ఎక్కేవాడివి కాదుగా. నీకిస్తే లెక్క తప్పుద్ది” అని నా చెయ్యి పక్కకు తోసింది. చివరికి హస్తానికి నాలుగు పళ్ళు మిగిలాయి.

“ఎనిమిది మందండి” అన్నాను.

“తొమ్మిది” అన్నాడు సరంగు బాబాయి.

“పన్నెండులోంచి నాలుగు తీస్తే ఎనిమిదే బాబాయ్.”

“ఐసు సర్దేవాడు టీ కొట్టుకు పోయుంటాడులే. ఫోన్ చేస్తే పరిగెత్తుకొస్తాడు. తొమ్మిది రాయి.”

ఇక్కడ నేనొక మనిషి కోసం ఆరాటపడి పట్టుబట్టానని రాసుకుంటే బాగుంటుంది. కానీ అది అబద్ధం. నాకు ఆ మనిషి గురించి ఆలోచనే లేదు. తీసివేత కుదరలేదు, అంతే. కుదరని గడిలో తొమ్మిది రాయడానికి నా చెయ్యి కదల్లేదు. ఎవరో ఫోన్ చేశారు. ఫోను కేబిన్ పక్కనే మేకుకు వేలాడుతున్న చొక్కా జేబులో మోగింది.

పిన్ని ఆ చొక్కా వైపు చూసింది. “చొక్కా ఇక్కడుంటే మనిషి టీ కొట్టుకి ఎట్టా పోతాడు?”

ఇంజిను తన పాటికి తాను కొట్టుకుంటోంది. నేను ఏం చెయ్యాలో తెలియనప్పుడల్లా చేసే పనే చేశాను, కాగితం కేసి చూశాను. నా కళ్ళు పద్నాలుగో గడి మీద ఆగిపోయాయి. ఐసు గది మూత వేసి ఉన్నదా? ఉన్నది. నీలం రంగు టిక్కు.

“వల తియ్యండి” అని నా నోట్లోంచి వచ్చిందో లేదో నాకు గుర్తులేదు. అట్ట కింద పడేసి వల మీద పడ్డాను, అందులో నా చెప్పు ఇరుక్కుంది. అరడజను చేతులు కలిసి వలను లాగాయి. మూత ఎత్తితే లోపలినుంచి తెల్లటి ఆవిరి పైకి వచ్చింది. ఐసు ముక్కల మీద గోనెసంచి పరుచుకుని, ఇంకో గోనెసంచి కప్పుకుని, ఐసు సర్దే అతను మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చాలాసేపు మూతను గుద్దాడట. గది చుట్టూ మందంగా వేసిన థర్మోకోలు, పైన వల, ఆ పైన డప్పూ ఇంజినూ. ఎవరికి వినిపిస్తుంది? నలుగురు చేతులు పట్టుకుని పైకి లాగారు. ఎండలో నిలబడి కాసేపు పళ్ళు కొట్టుకుంటూ అందర్నీ చూసి, “పూజ అయిపోయిందా?” అని అడిగాడు. పిన్ని అతని చేతిలో తొమ్మిదో పండు పెట్టి, తన పైట చెంగుతో అతని తల తుడిచింది. అప్పుడు ఎవరో టీ తేవడానికి పరిగెత్తారు. (లెక్క మళ్ళీ ఎనిమిది అవుతుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.)

“మూత మూయమన్నది నేనేనండి” అన్నాను, ఎవరూ అడగకముందే. అది చెప్తే ఉద్యోగం పోతుందని తెలుసు, కానీ దాన్ని దాచడానికి ఏ గడీ కనిపించలేదు. సరంగు బాబాయి నన్ను తిట్టలేదు. కింద పడిన అట్ట తీసి, దుమ్ము దులిపి నా చేతికిచ్చాడు.

“మూసేముందు లోపలికి వంగి ఒక కేక వెయ్యాలి. మేం ఎప్పుడూ వేసేదే. ఇవాళ నువ్వు హడావుడి పెట్టావు, మావాళ్ళు మరిచారు. అది కూడా రాసుకో. నీ కాగితం అడిగిందానికే జవాబు చెప్పుద్ది బాబూ. అడగనిది మనమే అడగాలి.”

ఆ మాటను మా వర్క్‌షాపు మాస్టారికి చెప్పాలనిపించింది. ఆయన రెండు ముక్కలుగా విడదీసి చూపించిన మాటలో నేను లిస్టును పట్టుకుని చెక్‌ను వదిలేశాను. మూత ఉన్నదా అని చూశాను గానీ, మూత కింద ఏముందో చూడలేదు. పద్నాలుగో అంశం పక్కన ఎర్ర పెన్నుతో ‘మూసేముందు లోపలికి పిలవాలి’ అని రాశాను. ఒకటో గడిలో తొమ్మిది రాశాను. వివరాలు అని ఉన్న చోట జరిగినదంతా దాచకుండా రాసి, ఒక కాపీ బాబాయికి ఇచ్చి దిగిపోయాను. బోటు అడుగు ఒకసారి బురదకు రాసుకుంది, ఇంజిను గట్టిగా గుర్రుమంది, తరువాత కదిలి వెళ్ళిపోయింది.

ఫార్మాట్ సార్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. “నీ చెక్‌లిస్టే మనిషిని లోపల పెట్టింది, నీ చెక్‌లిస్టే బయటకు తీసింది. దీన్ని ఏ గడిలో వెయ్యను?” అన్నారు. “బోటు తిరిగిరానీ, అప్పుడు చూద్దాం” అని సోమవారాన్ని తొమ్మిది రోజులు అవతలికి జరిపారు. ఆయన ఒక తేదీని మార్చడం అందరం మొదటిసారి చూశాం. ఆ తొమ్మిది రోజులూ నేను ఏ లిస్టూ రాయలేదు.

బోటు వచ్చిన రోజున హార్బరుకు పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాను. చేపల వేలం గోల మధ్యలో సరంగు బాబాయి నన్ను చూసి, కేబిన్లోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన నా కాగితం తెచ్చి ఇచ్చాడు. రోజూ పొద్దున వల వేసేముందు కావలసినవి చూసుకుని పెట్టిన టిక్కులు ఉన్నాయి, కొన్ని వంకరగా, కొన్ని తడికి అలుక్కుపోయి. అన్నిటికంటే కింద, నలభై ఒకటో అంశం తరువాత, పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలు: ‘42. సిగ్నలు అందగానే అందరూ ఇంటికి ఫోను చేశారా?’ దాని పక్కన తొమ్మిది గుర్తులు. ఎనిమిది టిక్కులు, ఒకరు మాత్రం టిక్కు బదులు చిన్న చేప బొమ్మ వేశారు.

“ఇదేంటి బాబాయ్?” అన్నాను.

“మొత్తం చదివాగా. ఇంజిను ఉంది, లంగరు ఉంది, నీళ్ళ డబ్బాలున్నాయి. ఇంట్లోవాళ్ళు లేరు. అందుకని రాశా. తప్పా?”

“లేదండి” అన్నాను.

ఫార్మాట్ సార్ ఆ పెన్సిలు రాతను చూశారు. ఒక్క అక్షరం కూడా మార్చకుండా టైపు చేయించమన్నారు. నా ఉద్యోగం సంగతి ఆయన విడిగా ఏమీ చెప్పలేదు. టైపు చేయించాక అన్ని బోట్లకూ నువ్వే తీసుకెళ్ళు అన్నారు, అంతే. ఆ సాయంత్రం రేపల్లె స్టేషన్లో తెనాలి బండి కోసం కూర్చుని, నలభై రెండో అంశం ఇంకోసారి చదివి, ఫోను తీసి మా అమ్మకు చేశాను.

“ఏంట్రా, ఉద్యోగం పోయిందా?” అంది అమ్మ.

“లేదమ్మా, ఉంది.”

“మరి ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. ఊరికే చేశాను.”

“ఊరికే చేసేవాడివి కాదే నువ్వు. నిజం చెప్పు, ఏమైంది?”

ఏమీ కాలేదని ఆమెను నమ్మించడానికి పావుగంట పట్టింది. బండి వచ్చింది, నేను ఎక్కాను, అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది. ఇప్పుడు ఆ బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. బోటుకు కావలసినవి నలభై ఒకటి సొంతంగా రాయగలిగాడు గానీ, వాళ్ళమ్మకు ఊరికే ఫోను చెయ్యడానికి వాడికొక కాగితం కావలసి వచ్చింది.